కంటిన్యుయేషన్ కారు అసలుదా, నకలా?

ఇరుసు:
జాగ్వార్ 1963లో లైట్‌వెయిట్ ఈ-టైప్ రేసు కార్లు 18 కట్టాలనుకుని 12తో ఆపేసింది. ఆరు ఛాసిస్ నంబర్లు రికార్డుల్లో ఖాళీగా మిగిలిపోయాయి. 2014లో ఆ ఆరింటినీ పూర్తి చేస్తామని ప్రకటించి, అన్నట్టే కట్టి అమ్మింది. ఇలా కంపెనీయే తన పాత మోడలును మళ్లీ కట్టి అమ్మితే దాన్ని కంటిన్యుయేషన్ కారు అంటారు. అదే కంపెనీ, అవే నంబర్లు, అదే అల్యూమినియం బాడీ. ఎవరో షెడ్డులో ఫైబర్‌గ్లాస్ అచ్చు పోసి చేసిన కోబ్రా స్పోర్ట్స్ కారును, వీటినీ ఒకే గాటన కట్టి నకలు అంటే ఎలా?

పాత రివెట్:
ఒకే గాటన కట్టనక్కర్లేదు. అలాగని 1963 కార్ల సరసన కూర్చోబెట్టనూ అక్కర్లేదు. నంబరు ఖాళీగా ఉందంటే ఆ కారు పుట్టలేదనే అర్థం. అసలు ఈ లెక్కలే చిత్రం. జాగ్వార్‌దే మరో పాత రేసు కారు డి-టైప్‌కి 100 అనుకుని 75 కట్టాం, 25 బాకీ అన్నారు. దాని రోడ్డు రూపమైన ఎక్స్‌కెఎస్ఎస్‌కి 1957 ఫిబ్రవరిలో ఫ్యాక్టరీ తగలబడినప్పుడు కాలిపోయిన తొమ్మిదింటిని చూపారు. బెంట్లీకి ఏ బాకీ లేదు. ఆనాటి రేసర్ బర్కిన్ జట్టుకు కట్టిన బ్లోయర్లు (సూపర్‌చార్జర్ ఉన్న బెంట్లీలు) నాలుగే. అయినా 2019లో 12 కడతామంది. ఎందుకంటే ఆ జట్టు దిగిన రేసులు 12 అట! కొనేవాళ్లుంటే సాకుకు కొదవేమిటి?

ఇరుసు:
సాకు సంగతి పక్కన పెట్టి పనితనం చూడండి. తన దగ్గరున్న 1929 నాటి జట్టు కారును పూర్తిగా విప్పి, భాగం భాగం లేజర్‌తో కొలిచి కట్టింది బెంట్లీ. ఇక జాగ్వార్ ఆరింటినీ పాత కార్ల చారిత్రక రేసులకు ఎఫ్ఐఏ (అంతర్జాతీయ మోటారు రేసుల సంస్థ) పెట్టిన నిబంధనలకు సరిపోయేలాగే కట్టారు. రేసుల వాళ్లకు లేని అభ్యంతరం మనకెందుకు?

పాత రివెట్:
చారిత్రక రేసుల్లో దిగే కారుకు ఎఫ్ఐఏ ఇచ్చే పత్రం, అంటే పాస్‌పోర్టు, చెప్పేది కారు నిర్మాణం ఆనాటి నిర్దేశాలకు సరిపోయిందనే. దాని వయసుకు, చరిత్రకు పూచీ పడదు. కొలతల మాట ఎత్తారు కనుక ఒకటి చెబుతాను. పాత ఈ-టైప్ బాడీని స్కాన్ చేసినప్పుడు జాగ్వార్ ఒక పక్కను ఎంచుకుని, దాన్నే తిరగేసి రెండో పక్కకు వాడింది. కాబట్టి కొత్త కారులో కుడి ఎడమలు అచ్చు గుద్దినట్టు ఉంటాయి. చేత్తో సాగగొట్టిన పాత రేకు అలా కుదరదు. అసలుదాని కంటే సరిగ్గా ఉండటమే దీని గుట్టు బయటపెడుతుంది.

గేరుపెట్టె:
దీనికి దగ్గరి తగాదా 1990లో ఇంగ్లండ్ కోర్టుకెక్కింది. 1929, 1930లలో ఫ్రాన్స్‌లోని లె మాన్స్ 24 గంటల రేసు గెలిచిన బెంట్లీ ‘ఓల్డ్ నంబర్ వన్’ను కొంటామన్న కంపెనీ, ఇది ఆ కారే కాదంటూ వెనక్కి తగ్గింది. నిజానికి రేసు రేసుకూ భాగాలు మార్చారు, ఇంజినూ మారింది, 1932లో బ్రూక్‌లాండ్స్ రేసు ట్రాక్‌పై ప్రమాదం తరువాత మళ్లీ కట్టారు. మొదటి భాగాలు మిగిలినవి బహు కొద్ది. అయినా జడ్జి ఇది ఆ కారే అన్నారు, దాని చరిత్ర ఎక్కడా తెగలేదు గనుక. ఆ లెక్కన కంటిన్యుయేషన్ కారు పరిస్థితి తలకిందులు: భాగాలన్నీ సరిగ్గా ఉన్నాయి, గడిచిన జీవితమే లేదు.

ఇరుసు:
గేరుపెట్టె గారూ, మరి ఆ ఆరూ ఇంకో ముప్ఫై ఏళ్లు రేసుల్లో తిరిగితే?

గేరుపెట్టె:
వాటికీ చరిత్ర వస్తుంది. వాటిదే వస్తుంది, 1963ది రాదు.

పాత రివెట్:
చట్టానికైతే ఈ సందేహమే లేదు. ఆస్టన్ మార్టిన్ 2017లో మొదలుపెట్టిన 25 డీబీ4 జీటీ కంటిన్యుయేషన్లు ట్రాక్‌కే పరిమితం, ఎందుకంటే రోడ్డెక్కాలంటే ఈనాటి కొత్త కారుకుండే నిబంధనలన్నీ వర్తిస్తాయి. ఇరుసు గారూ, రెప్లికా అని పిలవాలని నేనూ పట్టుబట్టను. కంపెనీ పనివాళ్లు కట్టినదాన్ని ఆ మాటతో కించపరచడం అన్యాయమే. వేలం పుస్తకంలో మాత్రం తయారైన సంవత్సరం దగ్గర కట్టిన ఏడాదే ఉండాలి, అదీ పెద్ద అక్షరాల్లో.

ఇరుసు:
రాయండి, నాకేం అభ్యంతరం లేదు. నకలు అని మాత్రం అనను.