మిషన్ చేసిన మొగాన్ని చూసి గుర్తుపట్టొచ్చా?

సీమసిన్నోడు (అనంతపురం): పెండ్లి సంబంధాల గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. సగం మంది ఏఐ అంటాండారు, సగం మంది కాదంటాండారు. చూస్తే తెలుస్తాదా అసలు?

స్టూడియోమామ (కడప): ఏడు రోడ్ల దగ్గర 28 ఏండ్లుగా స్టూడియో నాది. నెగటివ్ మీద పెన్సిల్‌తో టచింగ్ చేసిన చెయ్యి. ఒక్క చూపు చాలు. కమ్మలు చూడండి, రెండు చెవులకూ జత కుదరదు.

లెక్కలసారు (కర్నూలు): కమ్మల కాలం పోయింది మామా. 2022లో నైటింగేల్, ఫరీద్ అనే పరిశోధకులు 315 మందికి మొగాలు చూపించి అసలేది, నకిలీ ఏది అనడిగితే సరిగ్గా చెప్పింది 48.2 శాతమే. బొమ్మాబొరుసూ వేసి చెప్పినా అంతే.

స్టూడియోమామ: వాళ్లల్లో ఫోటోగ్రాఫర్ ఉన్న్యాడా?

లెక్కలసారు: ఇంకో 219 మందికి గుర్తులు నేర్పించి, ప్రతి ఫోటోకూ తప్పొప్పులు చెప్తా పోయినారు. అయినా 59 శాతం దగ్గరే ఆగింది. పైగా నకిలీ మొగాలే ఎక్కువ నమ్మకంగా ఉండాయన్నారు జనం.

టీకొట్టు: నా ఆధార్ ఫోటో చూస్తే మిషన్ కూడా నేను మనిషిని కాదంటాది.

స్టూడియోమామ: సారూ, కమ్మల మాటకు జవాబు చెప్పు.

లెక్కలసారు: 2023లో ఇంకో పరిశోధన. ఎక్కువ తప్పులు చెప్పినోళ్లే ఎక్కువ ధీమాగా ఉన్న్యారంట. ఎవరో గుర్తొస్తాండారు.

స్టూడియోమామ: అది తెల్లోళ్ల మొగాల సంగతి, నేనూ చదివినా. మన పిల్లోళ్లకెట్ల అతుకుతాది?

గుత్తిరోడ్డు (అనంతపురం): కమ్మలు, కమ్మలు! మా అక్క కూతురి ఫోటో ప్రొద్దుటూరు సంబంధానికి పంపితే, ‘ఫోటోలాయన చూసి కంప్యూటర్ బొమ్మ అన్న్యాడు’ అని వద్దన్నారు. ఆ పొద్దు ఒక కమ్మ శీల ఊడిపోతే మా అమ్మది పెట్టుకునింది ఆ పిల్ల. అంతే. నిజం మనిషిని బొమ్మ అంటే ఆ ఇంట్లో ఎట్లుంటాదో తెలుసా నీకు?

స్టూడియోమామ: నేను కాదమ్మా ఆ మాట అన్నది.

గుత్తిరోడ్డు: నువ్వనలేదు. నీ మాదిరి చూపు ఉందనుకునేటోడు అన్న్యాడు.

స్టూడియోమామ: సరే చెప్తా. పెండ్లి ఫోటోకు నా మెట్లెక్కేటోళ్లే లేరిప్పుడు. సెల్ఫీ ఒకటి యాప్‌కు ఇచ్చి పట్టుచీర కట్టించుకుంటాండారు. చూసి చెప్పే విద్యన్నా మిగిలిందనుకుంటి. సారేమో అదీ లేదంటాండాడు, శాతాలు పట్టుకుని.

లెక్కలసారు: నీ పనిని తక్కువ చెయ్యలేదు మామా. నీ మాట విని సంబంధం తెంచుకోవద్దంటాండా.

స్టూడియోమామ: శీల ఊడిన సంగతి ఫోటోలో యాడ కనపడ్తాది?

గుత్తిరోడ్డు: ఫోన్ చేసి అడిగింటే చెప్పేవాళ్లం.