ఈ వారం సమస్య: “ఇరుకె మేలు వంటయింటి కెపుడు”

నిర్వాహకుడు:
మిత్రులందరికీ నమస్కారం. ఈ వారం ఛందస్సు ఆటవెలది. ఇచ్చిన పాదం నాలుగోది, పై మూడు పాదాలూ మీరు పూరించాలి. ఐదూ సూర్యగణాలే (గురువు, లఘువు లేదా మూడు లఘువులు): ఇరుకె, మేలు, వంట, యింటి, కెపుడు. మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ, అంటే ‘ఇ’కీ ‘యిం’కీ యతి (అక్షరాల పొత్తు). ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాల మీద వాటికంటే పెద్దవైన రెండు ఇంద్రగణాలు రావాలి. యతికి బదులు ప్రాసయతి (రెండో అక్షరాల పొత్తు) వాడుకోవచ్చు. పై పాదం ద్రుతంతో (చివర నకారం వచ్చే మాటతో) ముగిస్తే ‘నిరుకె’ అనీ, లేకుంటే ‘యిరుకె’ అనీ కలుపుకోండి.

సమస్య అనగానే అసంభవమైన మాటను సంభవం చేయడమే గుర్తొస్తుంది. పదం విరిచి తప్పించుకోవచ్చు, ప్రశ్నోత్తరం చేయవచ్చు, క్రమాలంకారంలోకి దింపవచ్చు. ఈసారి అవేవీ అక్కర్లేదు. ఎవరూ ఒప్పుకోని ఒక అభిప్రాయం ఇచ్చాను, ఒప్పించండి. చిన్న వంటగదిలో రోజూ మసలేవారికే తెలిసిన విషయమేదైనా పద్యంలో కనిపించాలి. నేను చూసేది అదే.

మొదటి పూరణ

చేయి చాచినంత జేరును గరిటయు
నుప్పు డబ్బ నీరు నొక్కచోట
నడక లేక పనులు నడచును చకచక
యిరుకె మేలు వంటయింటి కెపుడు

నిర్వాహకుడు:
ధార బాగుంది. మూడో పాదం చదవగానే సమస్య విడిపోయింది. మనిషి నడవక్కర్లేదు, పని నడుస్తుంది. ఒకే క్రియను రెండు వైపులా తిప్పిన తీరు చక్కగా ఉంది. ‘ను–నొ’ యతి నిర్దుష్టం.

ఈ భావానికి చరిత్ర కూడా ఉంది. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగర గృహనిర్మాణానికి మార్గరెట్ షుట్టె లిహోట్‌స్కీ అనే ఆస్ట్రియా వాస్తుశిల్పి ఒక వంటగది గీసి ఇచ్చారు. వెడల్పు సుమారు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు. రైలు భోజనశాల పెట్టెలో ఇరుకు వంటగది ఎలా పనిచేస్తుందో చూసి, వంట చేసే మనిషి వేసే అడుగులు తగ్గేలా అమర్చారు. అలాంటివి దాదాపు పదివేలు కట్టారు. మీ పద్యం చెప్పేదీ ఆమె లెక్క కట్టిందీ ఒకటే.

ఒక కొరత మాత్రం ఉంది. గరిట, ఉప్పు డబ్బా, నీరు ఎవరి వంటగదిలోనైనా ఉంటాయి. మీ వంటగదిలో మాత్రమే ఉన్నదేమిటో పద్యం చెప్పలేదు.

ఒక సభ్యురాలు:
గురువుగారూ, ఆ ఫ్రాంక్‌ఫర్ట్ వంటగది మీద ఒక విమర్శ కూడా ఉంది కదండీ. ఒక్క మనిషికి సరిపడేలా కట్టడంతో రెండో మనిషి వచ్చి సాయం చేయడానికి వీల్లేకపోయింది. అడుగులు తగ్గాయి, కానీ పనంతా ఒక్కరి మీదే పడింది. ఇరుకు మేలనేటప్పుడు ఎవరికి మేలో కూడా అడగాలి.

నిర్వాహకుడు:
సరైన మాటమ్మా. దాన్ని పద్యంలో పెట్టండి.

రెండవ పూరణ (కొత్త సభ్యుడు)

వంట చేయు చోట వస్తువు లన్నియు
కనుల ముందె యుండి దొరకు నపుడు
వెదుకులాట లేని వెసులుబా టున్నది
యిరుకె మేలు వంటయింటి కెపుడు

ఒక సభ్యుడు:
గణాలన్నీ సరిపోయాయి తమ్ముడూ. రెండో పాదంలో యతి తప్పింది. ‘క’కు ‘దొ’ చెల్లదు, హల్లూ కుదరలేదు, అచ్చూ కుదరలేదు. ‘కనుల ముందె నిలిచి కానిపించు’ అంటే క–కా యతి నిలుస్తుంది. అప్పుడు ‘అపుడు’ అనే పూరకం కూడా పోతుంది.

నిర్వాహకుడు:
సవరణ బాగుంది. ‘వెసులుబా’ అనే నగ గణం (ఇంద్రగణాల్లో ఒకటి) మూడో పాదానికి మంచి ఊపు ఇచ్చింది. మొదటి ప్రయత్నంలోనే గణాలు ఇంత శుభ్రంగా రావడం అరుదు. రాస్తూనే ఉండండి.

మూడవ పూరణ

పాలు పొంగునపుడు పరుగిడి యార్పగ
నడుగు చాలు, పెద్ద దైన గదిని
పరుగు పెట్టులోగ పాలన్ని పొయ్యికె
యిరుకె మేలు వంటయింటి కెపుడు

నిర్వాహకుడు:
ఇది వంటగదిలో నిలబడి రాసిన పద్యం. ‘పాలన్ని పొయ్యికె’ అన్నచోట క్రియ లేదు, ఉండకూడదు కూడా. పాలు పొంగి పోయాక చెప్పడానికి ఇంకేం మిగలదు. ‘నడుగు–పెద్దదైన’ దగ్గర అ–ఐ స్వరయతి ఉంది. కొత్తవారు అక్కడ ఆగి చూడాలి: అడుగులోని ‘అ’, ‘దైన’లో కలిసిన ‘ఐ’ మిత్రాచ్చులు, అంటే యతికి పొత్తు కుదిరే అచ్చులు.

నీళ్లు మరుగుతాయే గాని ఇలా మీదికి ఎగబాకవు. పాలు వేడెక్కేటప్పుడు ప్రోటీన్లూ కొవ్వూ కలిసి పైన పొర కడతాయి. కింద పుట్టిన ఆవిరి దాని కింద చిక్కుకుంటుంది. బుడగల గోడల్ని కూడా ఆ ప్రోటీన్లే గట్టిపరుస్తాయి కాబట్టి అవి పగలకుండా ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. అందుకే అప్పటిదాకా కదలకుండా ఉన్నట్టున్న పాలు ఒక్కసారిగా అంచు దాటుతాయి. ఆ ఒక్క క్షణానికి ‘అడుగు చాలు’ అన్న కొలత అతికినట్టు సరిపోయింది.

నాలుగవ పూరణ (ఇందాక ప్రశ్న వేసిన సభ్యురాలు)

తలుపు మూసినపుడె దయజూపు సొరుగది
సొరుగు తెరచి నిలువ జోటు లేదు
ఒకరి వెంట నొకర మొదుగుచు నడచిన
నిరుకె మేలు వంటయింటి కెపుడు

మా వంటగదిలో తలుపు తీసి ఉంటే సొరుగు దానికి తగిలి ఆగిపోతుంది. తలుపు మూస్తే సొరుగు వస్తుంది గాని, అది బయటికి వచ్చాక మనిషికి చోటుండదు. ఇంట్లో అందరికీ ఈ వరస అలవాటు. కొత్తవాళ్లు మాత్రం రెండింటితోనూ పెనుగులాడతారు.

నిర్వాహకుడు:
‘దయజూపు సొరుగది’ అద్భుతంగా ఉందమ్మా. పాదం చివరి సొరుగును మళ్లీ పాదం మొదట ఎత్తుకోవడం ముక్తపదగ్రస్తానికి దగ్గరగా ఉండి చెవికి ఇంపుగా ఉంది. తలుపూ సొరుగూ వంతులు వేసుకోవడం కళ్లకు కట్టింది.

అయితే సమస్య ఇంకా విడలేదు. మొదటి రెండు పాదాలూ ఇరుకు వల్ల వచ్చే కష్టమే చెప్పాయి. మూడో పాదంలో ఒదిగి నడవడం ఆ కష్టానికి సర్దుకోవడమే అవుతుంది. మేలు ఎక్కడుంది? మీరు అడిగిన ప్రశ్నకే ఇక్కడ జవాబు రావాలి.

అదే సభ్యురాలు:
నిజమేనండీ. మూడో పాదం మార్చాను.

భుజము భుజము దాకి పొందిక పెరిగిన
నిరుకె మేలు వంటయింటి కెపుడు

నిర్వాహకుడు:
ఇప్పుడు నిలబడింది. భు–పొ యతి కూడా చక్కగా పడింది. తొలి రెండు పాదాల కష్టం అలాగే ఉండగా అందులోంచే మేలు పుట్టింది. ఇద్దరు మనుషులు ఉన్నారు కాబట్టి ఒక్కరి కోసం కట్టిన వంటగదికి ఇది జవాబు కూడా అయింది.

ఐదవ పూరణ

కిటికి తెరువ మంట కినుకతో నారును
మూసి యుంచ నావి ముసురుకొనును
నడుమ సందు నెరిగి నడిపెడి వారికి
యిరుకె మేలు వంటయింటి కెపుడు

ఒక సభ్యుడు:
‘వారికి’, ‘వంటయింటికి’ అని రెండు ‘కి’లు వచ్చి అన్వయం తడబడుతోంది. మేలు వారికా, వంటయింటికా?

పూరణకర్త:
ఒప్పుకుంటున్నాను. ‘నడుమ సందు నెరిగి నడపగలిగినంత’ అంటే?

నిర్వాహకుడు:
గణాలు సరిపోయాయి, ‘నడపగ’ నల, ‘లిగినంత’ సల, రెండూ ఇంద్రగణాలే. అన్వయం కూడా తేటపడింది. ‘కినుకతో నారును’ అన్నచోట మంటకు అలక అంటగట్టడం ఎంతో సహజంగా ఉంది. పొయ్యి పక్కనే కిటికీ ఉన్న ప్రతి ఇంట్లోనూ రెక్కను ఎంతవరకు తీయాలో చేతికి ఒక గుర్తు ఉంటుంది, దాన్ని పట్టుకున్నారు.

పద్యానికి బయట ఒక్క మాట. గ్యాసు పొయ్యి మంట గాలికి ఆరితే గ్యాసు మాత్రం వస్తూనే ఉంటుంది. ముందు మర కట్టాలి, కిటికీ బార్లా తెరవాలి, గాలి ఆడాకే మళ్లీ వెలిగించాలి.

ఆరవ పూరణ

గాలి వలయు మెండు, కాంతియు మెండుగ
నరల లోని చెత్త యంత వలదు
సరకు పెరుగ కుండ సరిపడు చోటున
నిరుకె మేలు వంటయింటి కెపుడు

అందరూ ఇరుకును పొగుడుతున్నారు. గాలి దగ్గర ఇరుకు మేలు కాదని చెప్పకుండా ఉండలేకపోయాను.

నిర్వాహకుడు:
మంచి పని చేశారు. సమస్య ఒక అభిప్రాయమైనప్పుడు దాని హద్దు గీయడం కూడా పూరణే. మూసిన చిన్న గదిలో గాలి చాలకపోతే ఇంధనం పూర్తిగా మండదు. నీలంగా ఉండాల్సిన గ్యాసు మంట పసుపు తిరుగుతుంది, గిన్నె అడుగున మసి పడుతుంది. అప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు, ప్రాణం తీస్తుంది. గాలికి ఇరుకు వద్దు, సరుకుకే ఇరుకు చాలని మీరు విడదీశారు. అరలు తక్కువైతే వాడనివి చేరవు. ఇది ఇల్లు సర్దే ప్రతివారికీ అనుభవమే.

కవిత్వంగా చూస్తే మాత్రం పద్యం కాస్త ఉపదేశం వైపు ఒరిగింది. అరల్లోని చెత్త అని ఊరుకోకుండా ఆ చెత్తలో ఒక్క వస్తువును చూపించి ఉంటే ఎంత బాగుండేది! ఏ గిన్నెకూ సరిపోని మూత, పిడి ఊడిన గరిట, మూత తిరగని సీసా, ఏదైనా సరే.

ఏడవ పూరణ

పొయ్యి మరను కొంత పొందుగ నొక్కిన
మంట వెలుగు, దాని మనసు నెరిగి
చేయి నడచునట్టి చిరపరిచితమైన
యిరుకె మేలు వంటయింటి కెపుడు

మా పొయ్యికి ఎడమవైపు మంట మర తిప్పగానే వెలుగుతుంది, వదలగానే ఆరుతుంది. నొక్కి పట్టి లోపల మెల్లగా అంకెలు లెక్కపెట్టుకుని వదిలితే నిలుస్తుంది. కుడివైపుదానికి ఈ పట్టింపు లేదు.

నిర్వాహకుడు:
ఈ వారం నాకు బాగా నచ్చిన పూరణ ఇదే. ఎందుకో వివరంగా చెప్తాను.

మీ పొయ్యి అలా చేయడానికి కారణం ఉంది. కొన్ని పొయ్యిల్లో మంట పక్కన థర్మోకపుల్ అనే చిన్న లోహపు ముల్లు ఉంటుంది. అది వేడెక్కితే స్వల్పంగా విద్యుత్తు పుడుతుంది, ఆ విద్యుత్తే గ్యాసు కవాటాన్ని తెరిచి పట్టుకుంటుంది. మంట ఆరితే ముల్లు చల్లబడి కవాటం మూసుకుంటుంది. ముల్లు వేడెక్కేవరకు మరను వేలితో నొక్కి ఉంచాలి. దాని మీద మసి పట్టినా, కాస్త పక్కకు జరిగినా ఎక్కువసేపు పట్టాల్సి వస్తుంది. ఎడమవైపు ముల్లును ఒకసారి తుడిచి చూడండి. ఐదో పూరణలో గాలికి ఆరిన మంటకు ఇలాంటి ముల్లు ఉంటే గ్యాసు దానంతటదే ఆగుతుంది.

పద్యం ఈ యంత్రాన్ని వివరించలేదు, ‘దాని మనసు నెరిగి’ అంది. రోజూ వాడే మనిషికి ఆ ముల్లు సంగతి తెలియనక్కర్లేదు, ఎంతసేపు నొక్కాలో వేలికి తెలుస్తుంది. తరువాత ‘చేయి నడచునట్టి’ అనడంతో మొదటి పూరణలో నడిచిన పని ఇక్కడ చేయిగా మారింది. ‘చిరపరి’, ‘చితమైన’ అని సమాసాన్ని రెండు ఇంద్రగణాలకూ సమంగా పరచడం, అది నేరుగా ‘యిరుకె’ను పట్టుకోవడం చూడండి. ఇచ్చిన పాదం అతికించినట్టు లేదు, ఈ వాక్యానికి అదే కర్త. మిగతా పూరణల్లో ఇరుకు మేలు కావడానికి ఒక కారణం చెప్పారు. ఇక్కడ ఏ ఇరుకో చెప్పారు. విశేషణం ఒక్కటి మారేసరికి వాదం అవసరం లేకుండా పోయింది.

ఒక సభ్యుడు:
చే–చి యతి చెల్లుతుందా గురువుగారూ?

నిర్వాహకుడు:
నిస్సందేహంగా. ఇ, ఈ, ఎ, ఏ ఒక వర్గం. హల్లు రెండు చోట్లా చకారమే.

నాలుగో పూరణ సవరించిన రూపానికి రెండో స్థానం. మూడో పూరణలోని ‘పాలన్ని పొయ్యికె’ను ఈ వారపు ఉత్తమ పాదంగా ఎంచుతున్నాను.

వచ్చే వారానికి తేటగీతి, చివరి పాదం:

మూత గలదని గిన్నెయే మూల జేరె

ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. యతి మూ–మూ. మూత ఉండటం గిన్నెకు మేలే కదా, మరి మూలకు ఎందుకు చేరిందో కారణం మీదే. పూరణతో పాటు ఆ గిన్నె గురించి రెండు వాక్యాలు రాయండి.