విండోస్ లైసెన్స్ హెచ్చరిక: స్క్రిప్టుతో తీసేయాలా, కారణం వెతకాలా?

వెన్నెలరాత్రి: ఇంట్లో సిస్టమ్‌కి మదర్‌బోర్డు మారింది, అప్పట్నుంచి స్క్రీన్ కింద కుడి మూలన "యాక్టివేట్ విండోస్" అని వస్తోంది, వాల్‌పేపర్ కూడా మార్చనివ్వట్లేదు. ఏదో స్క్రిప్టు రన్ చేస్తే పోతుందంటున్నారు, చేసేయనా?

పాతకీబోర్డు: వద్దండీ. ముందు కమాండ్ ప్రాంప్ట్‌లో ఎస్‌ఎల్‌ఎమ్‌జీఆర్ స్లాష్ డీఎల్ఐ (slmgr /dli) కొట్టి చూడండి, మీది విడిగా కొన్న రిటైల్ లైసెన్సా, సిస్టమ్‌తోపాటే వచ్చిన ఓఈఎమ్మా, వాల్యూమా చెప్తుంది. రిటైల్ అయ్యుండి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి లింకై ఉంటే సెట్టింగ్స్‌లో యాక్టివేషన్, అందులో ట్రబుల్‌షూట్, అక్కడ హార్డ్‌వేర్ మార్చానని చెప్పే ఆప్షన్ నొక్కితే చాలావరకు అయిపోతుంది. ఓఈఎమ్ అయితే లైసెన్స్ పాత బోర్డుకి కట్టేసి ఉంటుంది. వాల్యూమ్ అయితే అది ఆఫీసులకిచ్చే రకం, ఆఫీసు సర్వరే యాక్టివేట్ చేసే కేఎమ్ఎస్ పద్ధతిలో 180 రోజుల్లోపు ఆఫీసు సర్వర్‌తో మళ్ళీ మాట్లాడాలి, ఇంట్లో ఆ సర్వర్ ఎక్కడుంటుంది?

సూటిమాట: ఎందుకండీ ఇంత హడావిడి. యాక్టివేట్ కాకపోయినా సెక్యూరిటీ అప్‌డేట్స్ వస్తాయి. స్క్రిప్టు కొట్టేసి పని చూసుకోండి.

పాతకీబోర్డు: అప్‌డేట్స్ సంగతి నేనెత్తానా? అడ్మిన్ పర్మిషన్‌తో ఎవరో రాసింది రన్ చేయమంటున్నారు, అలాంటివాటిలో చాలా వాటికి ముందు విండోస్‌లో ఉండే యాంటీవైరస్ డిఫెండర్‌ని ఆపమంటారు, అదే సిస్టమ్‌లో బ్యాంకు పాస్‌వర్డ్ ఉంటుంది.

సూటిమాట: అప్‌డేట్స్ వస్తాయా రావా? అది చెప్పండి ముందు.

గాలిపటం: విండోస్ బదులు లైనక్స్ వేసుకోండి, గొడవే ఉండదు.

పాతకీబోర్డు: వస్తాయి! అయితే? ఆ స్క్రిప్టు నువ్వు ఒక్క లైనైనా చదివావా?

సూటిమాట: నీతులు చెప్పడం తేలికే. నేను ల్యాప్‌టాప్ కొన్నప్పుడు ఒరిజినల్ విండోస్ అని బిల్లు మీద రాసిచ్చారు, ఏడాది తిరక్కుండానే గడువు అయిపోతోందని మెసేజ్, చూస్తే వాల్యూమ్ కీ. అమ్మినాయన ఫోన్ ఎత్తడు. డబ్బు కట్టిన నన్నే దొంగలా నిలబెడితే రెండోసారి ఎందుకు కట్టాలి, చెప్పు?

పాతకీబోర్డు: కట్టమని నేనన్లేదు. మోసం చేసింది అమ్మినవాడు, ఆ బిల్లు, డీఎల్ఐ స్క్రీన్‌షాట్ పెట్టి వాడి మీద కంప్లైంట్ ఇవ్వాలి. నీ కోపం న్యాయమే. దానికి ఈయన సిస్టమ్‌ని ఎందుకు రిస్కులో పెట్టడం?

సూటిమాట: కంప్లైంట్ తేలేదాకా నా పని ఎవరు చేస్తారు?

వెన్నెలరాత్రి: ఆ డీఎల్ఐ కమాండ్ కొట్టానండీ, ఓఈఎమ్ అని వచ్చింది. బోర్డు పాడైతే వారంటీలో కంపెనీ వాళ్ళే మార్చారు.

పాతకీబోర్డు: అయితే కొత్త లైసెన్స్ కొనకండి. పాడైన బోర్డుని తయారీదారు అదే రకం బోర్డుతో మార్చినప్పుడు పాత లైసెన్సే చెల్లుతుంది. సర్వీస్ కాగితం పెట్టుకుని వాళ్ళకే ఫోన్ చేయండి, యాక్టివేట్ చేసివ్వాల్సింది వాళ్ళే.

సూటిమాట: చేయకపోతే ఇక్కడికే వచ్చి చెప్పండి.