ఎక్స్‌పైరీ సరుకు తీసుకోకపోతే ఏజెన్సీ బిల్లు ఆపడం తప్పా?

ఖమ్మం కిరాణా

నాది ఖమ్మంలో చిన్న కిరాణా కొట్టు. నేనూ మా ఆవిడా నడుపుతాం, పదమూడేళ్లయింది. నాలుగు రోజుల నుంచి ఒక విషయం మనసులో మెలిపెడుతోంది. అందరూ ఉన్నదున్నట్టు చెప్పండి.

కౌంటర్ కింద ఒక అట్టపెట్టె ఉంది. గడువు దాటిన సరుకంతా అందులో వేస్తూ వచ్చాను. మొన్న బయటికి తీసి రాశాను. బిస్కెట్ ప్యాకెట్లు 64, నూడుల్స్ 22, హెల్త్ డ్రింక్ డబ్బాలు 4, మే నెల ఎండకు కరిగి మళ్లీ గట్టిపడి పైన తెల్లబడిన చాక్లెట్ బాక్సులు రెండు. కొన్న రేటు ప్రకారం మొత్తం 4,870 రూపాయలు. అంతా ఒకే ఏజెన్సీ (కంపెనీ సరుకు కొట్లకు చేర్చే డీలరు) సరుకు.

ఈ సరుకులో సగం నేను అడిగింది కాదు. నెలాఖరున సేల్స్ అబ్బాయి వచ్చి, "అన్నా, డజనుకి ఒకటి ఫ్రీ, పోకపోతే నేనే వెనక్కి తీసుకుంటా" అని దింపిపోయాడు. అతను ఉద్యోగం మానేశాడు. కొత్తగా వచ్చిన తమ్ముడు "పాతాయన మాటతో నాకు సంబంధం లేదన్నా" అంటాడు. ఎనిమిది నెలలుగా "వచ్చే ట్రిప్పు" అనే మాటే వింటున్నాను.

పోయిన గురువారం బిల్లు 11,300. నేను 6,430 ఇచ్చి, "ఈ పెట్టె తీసుకెళ్లు, అప్పుడు మిగతాది ఇస్తా" అన్నాను. సాయంత్రం ఆ అబ్బాయి ఫోన్ చేశాడు. తక్కువొచ్చిన డబ్బు తన జీతంలో కోస్తామన్నారట. రోజంతా బండి మీద ఎండలో నలభై కొట్లు తిరిగే పిల్లాడు. గొంతు వణుకుతోంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నా లెక్క ప్రకారం బిల్లు ఆపడం న్యాయమే. చిన్న కొట్టువాడి చేతిలో వేరే ఏ పట్టూ లేదు. మీరేమంటారు?

నెల్లూరు ఏజెన్సీ

తప్పే అంటాను అన్నా. కోపంతో కాదు, అవతలి వైపు కూర్చున్నవాడిగా చెబుతున్నాను. రెండు కంపెనీల ఏజెన్సీ నాది, ఇరవై రెండేళ్లు.

కంపెనీకి మేం ముందు డబ్బు కడితేనే లోడు కదులుతుంది. మీకేమో వారం, పది రోజుల ఉద్దర. మధ్యలో నిలిచిన డబ్బంతా మాదే, దానికి బ్యాంకు వడ్డీ కూడా మేమే కట్టాలి. నాకు మిగిలేది నాలుగైదు శాతం. గోడౌన్ అద్దె, వ్యాను డీజిలు, కుర్రాళ్ల జీతాలు అందులోంచే వెళ్లాలి. ఎక్స్‌పైరీకి నా రెండు కంపెనీల్లో ఒకటి అమ్మకంలో చిన్న శాతం ఇస్తుంది, అది దాటితే నా జేబు. రెండోది అసలు ఇవ్వదు. ఇచ్చే కంపెనీ క్లెయిమూ నెలల తరబడి తిరిగితే గానీ రాదు.

ఇంకో మాట. హోల్‌సేల్ బజారులో రూపాయి తక్కువకు కొన్న సరుకు ఎక్స్‌పైర్ అయితే, అదీ నా కుర్రాడి చేతిలోనే పెడతారు. అందరూ కాదు, కానీ పెడతారు. నా బిల్లులో లేని బ్యాచ్ నంబర్లు ఎన్నోసార్లు చూశాను. కొత్త సరుకు ముందు పెట్టి పాతది అరలో వెనక్కి తోసే కొట్లూ ఉన్నాయి. ఆ నష్టం కూడా నాదేనా?

మీ పెట్టె సంగతి వేరే కావచ్చు. అలాగైతే బిల్లు మీదున్న నంబర్‌కు చేసి ఓనర్‌తో మాట్లాడాల్సింది. కుర్రాడి చేతిలో డబ్బు తక్కువ పెట్టడం ఓనర్‌తో మాట్లాడినట్టు కాదు.

బీట్ సేల్స్ తొమ్మిదేళ్లు

ఆ ఫోన్ చేసిన అబ్బాయిలాంటి వాణ్ణే నేను. వరంగల్, హన్మకొండ బీట్‌లు (రోజూ కొట్లు తిరిగే రూట్లు) చేశాను.

"పోకపోతే తీసుకుంటా" అనే మాట మేం సొంతంగా అనం అన్నా. 28వ తారీకు టార్గెట్ సగమే అయ్యుంటుంది. సూపర్‌వైజర్ ఫోన్ చేసి "ఎట్లాగైనా దింపు, తర్వాత చూద్దాం" అంటాడు. ఆ తర్వాత ఎప్పుడూ రాదు. పెట్టె తీసుకెళ్తే గోడౌన్‌లో నా పేరు కింద రాస్తారు. తీసుకెళ్లకపోతే కొట్టువాళ్లు ఆర్డర్ ఇవ్వరు. ఒకసారి ఓ ముసలాయన కొట్టులో 1,100 రూపాయల టూత్‌పేస్టులు ఉండిపోయాయి. ఆయనకు మాటిచ్చింది నేనే. సొంత డబ్బు ఇచ్చి తీసుకున్నా. ఇంట్లో చెప్పలేదు.

నా మాట వినండి, బిల్లు ఆపకండి. ఆర్డర్ ఆపండి. కలెక్షన్ తక్కువైతే మా మీద పడుతుంది. ఆర్డర్ రాకపోతే "ఆ కొట్టు ఎందుకు బిల్లు కావట్లేదు" అని పైవాళ్లే అడుగుతారు. అప్పుడు ఓనరే మీ కొట్టుకొస్తాడు. రెండు మూడు వారాలు చాలు.

వనస్థలిపురం చిన్నకొట్టు

నేనైతే ఆ బాధే వదిలించుకున్నాను. పాలు, బ్రెడ్డు తప్ప లైను సరుకు (ఏజెన్సీ వ్యాను తెచ్చి దింపేది) ఏదీ తీసుకోను. వారానికి రెండుసార్లు క్యాష్ అండ్ క్యారీకి (డబ్బిచ్చి మనమే తెచ్చుకునే హోల్‌సేల్ స్టోరు) వెళ్తాను, మా అబ్బాయి స్కూటీ మీద. డజను అక్కర్లేదు, ఆరు చాలంటే ఆరే తెచ్చుకుంటా. వెనక వరసలో చెయ్యి పెట్టి కొత్త తేదీ ప్యాకెట్ తీసుకుంటా. ఉద్దర ఉండదు. ఎక్స్‌పైరీ గొడవా లేదు.

ఖమ్మం అన్నయ్యా, ఒక మాట చెప్తాను, నొచ్చుకోకండి. స్కీము ఆశ మనకీ ఉంటుంది. డజనుకి ఒకటి ఫ్రీ వచ్చినా, రెండు ప్యాకెట్లు గడువు దాటితే ఆ డజను నష్టమే. నేనూ రెండేళ్లు అట్లాగే పోగొట్టుకున్నాను.

అయినా ఒక సంగతి నాకు మింగుడుపడదు. ఆన్‌లైన్‌లో తిండి సరుకు అమ్మేవాళ్లు ఇంటికి తెచ్చిచ్చేసరికి కనీసం 30 శాతం గడువు గానీ, 45 రోజులు గానీ మిగిలుండేలా చూడాలని 2024 నవంబర్‌లో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ చెప్పింది. మంచిదే. మరి నాకు వ్యానులోంచి దింపే సరుకు మాటేంటి? నెల రోజుల్లో ముగిసే నూడుల్స్ స్కీములో ఇచ్చిపోయారు ఒకసారి. గడువు దాటిన ప్యాకెట్ అరలో దొరికితే ఇన్‌స్పెక్టర్ రాసేది నా కొట్టు పేరే.

సత్తుపల్లి

అక్కా, మీకు అబ్బాయి ఉన్నాడు, ఊళ్లో క్యాష్ అండ్ క్యారీ ఉంది. మా దగ్గర్నుంచి వెళ్లి రావాలంటే రోజంతా కొట్టు మూయాలి. ఉద్దర లేకపోతే పండగ సరుకు పెట్టలేను. లైను వదలడం అందరికీ కుదరదు.

గుంటూరు లెక్కలు

నేను ఇరవై ముప్పై కొట్లకు జీఎస్టీ రిటర్నులు వేస్తాను. ఎవరిది ధర్మం అనేది మీరు తేల్చుకోండి. చట్టం ఎక్కడుందో చెబుతాను.

1930 నాటి సరుకుల విక్రయ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే సరుకు మీ సొంతమయ్యాక నష్టం మీదే. ఇక్కడ ఒప్పందం ఉంది, కానీ నోటి మాట. నోటి మాటకూ విలువ ఉంది, రుజువు చేయడమే కష్టం. అందుకే దింపేటప్పుడే బిల్లు వెనక "గడువులోపు అమ్ముడుపోనిది వాపసు" అని రాయించి సంతకం తీసుకోండి. ఒక్క లైను చాలు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామనుకుంటే, తిరిగి అమ్మడానికి కొన్న సరుకుకు ఆ చట్టం వర్తించదు.

ఏజెన్సీలు ఎక్కువగా చెప్పే మాట ఒకటుంది: "ఏడాది దాటింది, ఇక క్రెడిట్ నోట్ రాదు." క్రెడిట్ నోట్ అంటే వాపసు సరుకు విలువను బిల్లులోంచి తగ్గిస్తూ ఏజెన్సీ ఇచ్చే కాగితం. వాళ్ల మాట సగమే నిజం. పన్ను తగ్గించుకుంటూ క్రెడిట్ నోట్ ఇవ్వడానికి గడువు, బిల్లు పడిన ఆర్థిక సంవత్సరం తర్వాత వచ్చే నవంబర్ 30. వార్షిక రిటర్న్ అంతకంటే ముందే వేస్తే ఆ రోజుకే ఆ గడువు ముగుస్తుంది. 2024 జూన్ బిల్లయితే 2025 నవంబర్ 30 దాకా. ఆ తర్వాత పన్ను జోలికి పోకుండా సరుకు విలువ మాత్రం తగ్గించి నోట్ ఇవ్వవచ్చు, దానికి ఎవరూ అడ్డు చెప్పరు. 2025 సెప్టెంబర్ 22న బిస్కెట్లు, చాక్లెట్ల మీద పన్ను 18 నుంచి 5 శాతానికి తగ్గింది కదా. అంతకుముందు బిల్లు పడిన సరుకైతే, గడువులోపు ఇచ్చే నోట్‌లో పాత 18 శాతమే వేయాలి. కొత్త రేటుతో లెక్క కట్టి ఇస్తామంటే ఒప్పుకోవద్దు.

ఖమ్మం గారు, మీరు జీఎస్టీ కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులు అమ్మకం మీద చిన్న శాతం పన్ను కట్టే పద్ధతి) ఉన్నారా? ఉంటే కొనుగోలు మీద కట్టిన పన్ను మీకు తిరిగి రాదు, మీ 4,870లో ఆ పన్నూ కలిసే ఉంది. రెగ్యులర్‌లో ఉండి సరుకు పారేస్తే, దాని కొనుగోలు పన్నుకు తీసుకున్న క్రెడిట్ (మీ పన్నులో తగ్గించుకున్న మొత్తం) వెనక్కి కట్టాలి.

ఖమ్మం కిరాణా

కాంపోజిషనే అండి. అందరికీ దండాలు. నిన్న ఆదివారం ఓనర్‌కు ఫోన్ చేసి, పెట్టెతో గోడౌన్‌కే వెళ్లాను.

ముందు మిగతా 4,870 ఆ అబ్బాయి పేరు మీద జమ చేయించి, రసీదు ఫొటో అతనికి పంపాను. ఆ తర్వాతే పెట్టె విప్పాను. నెల్లూరు అన్న చెప్పినట్టు బ్యాచ్ నంబర్లు చూద్దామన్నాను. పాత బిల్లులన్నీ తీగకు గుచ్చి ఉంచుతాను, అవి పనికొచ్చాయి. ఓనర్, నేను నేల మీద కూర్చుని గంటన్నర సరిచూశాం. 64 బిస్కెట్ ప్యాకెట్లలో 51 వాళ్లవే. 13 ఎక్కడివో నాకూ తెలియలేదు. పండగప్పుడు బజారులో తెచ్చినవై ఉంటాయి. ఆ మాట ఒప్పుకున్నాను. నూడుల్స్, డబ్బాలు తీసుకున్నారు. చాక్లెట్ తీసుకోలేదు. "ఎండలో పెట్టింది మీరు, కంపెనీ ఒప్పుకోదు" అన్నారు. కూలర్ ఇస్తామని రెండేళ్లుగా చెబుతున్నది వాళ్లే అని నేనన్నాను. అక్కడ మాట తెగలేదు.

నెల్లూరు అన్నా, మీ నాలుగైదు శాతం కష్టం అర్థమైంది. కానీ అమ్ముడుపోని సరుకు తయారు చేసింది కంపెనీ. టార్గెట్ పెట్టిందీ కంపెనీయే. అది మీ మీదికి తోస్తుంది, మీరు కుర్రాడి మీదికి తోస్తారు, కుర్రాడు నా అరలోకి తోస్తాడు. నా తర్వాత ఎవరున్నారు? గడువు దాటిన ప్యాకెట్ పక్కింటి పాప చేతికి నేనివ్వలేను కదా. అందుకే, ఓనర్ మాట వినకపోతే బిల్లు ఆపడం న్యాయమనే ఇప్పటికీ అంటాను. అయితే ఫోన్‌లో ఓనర్‌కు ముందే చెప్పి ఆపాలి. ఆ పిల్లాడి చేతిలో తక్కువ డబ్బు పెట్టడం మాత్రం నా తప్పు. అది అతనితోనే చెప్పాను.

నెల్లూరు ఏజెన్సీ

బిల్లు ఆపడం విషయంలో నా మాట మారదు అన్నా. ఆ ఉద్దర నా ఊపిరి. కానీ కంపెనీ గురించి మీరన్నది నిజం. మా ఊళ్లో ఏజెన్సీలమంతా పోయిన నెల ఏరియా మేనేజర్‌ను అదే అడిగాం. జవాబు రాలేదు.

చాక్లెట్ సంగతి: కూలర్ అడిగినట్టు మీ దగ్గర వాట్సాప్ మెసేజ్ ఉందా? తేదీతో ఉంటే ఓనర్‌కు పంపండి. ఆ మెసేజ్ జోడించి క్లెయిమ్ వేయమనండి. నేను ఒకసారి అలా తెచ్చుకున్నాను.

ఖమ్మం కిరాణా

ఉందన్నా, రెండు మెసేజ్‌లున్నాయి. ఇప్పుడే పంపుతున్నా.