షుగర్ మాత్ర వాడుతుంటే పురుషాంగం ముందుతోలు మంట తిరగబెడుతోంది, ఏం చేయాలి?
అనంతపురంలో చర్మవ్యాధుల డాక్టర్లెవరైనా ఉంటే చెప్పండి. మా అన్నకు యాభై దాటినాయి, షుగర్‌కు డాపాగ్లిఫ్లోజిన్ 10 ఎంజీ వేసుకుంటాడు. ముందుతోలు కింద ఎరుపు, దురద, తెల్లటి పొర. ఈ మాత్ర చక్కెరను మూత్రంలోకి వదులుతుంది కాబట్టి అక్కడ ఫంగస్ పెరుగుతుందని తెలుసు. క్లోట్రిమజోల్ 1 శాతం క్రీమ్ రోజుకు రెండుసార్లు 14 రోజులు పూస్తే తగ్గుతుంది, ఆపితే మళ్లీ మొదలు. సబ్బు మానేసి వట్టి నీళ్లతోనే కడిగి, తడి ఆరాకే బట్ట వేసుకుంటున్నాడు. ఈ ఎండల్లో చెమటకు అదీ కష్టమే. మెడికల్ షాపులో ఇచ్చే స్టెరాయిడ్ కలిపిన క్రీమ్ మాత్రం వద్దన్నాం: పైకి ఎరుపు తగ్గినా ఫంగస్ దాక్కునే ఉంటుంది, తోలు పలచబడుతుంది.

ఇప్పుడు తోలు అంచున పగుళ్లు, వెనక్కి లాగితే బిగుతు. మాత్ర మార్చమని షుగర్ డాక్టరును అడగాలా, లేక లైకెన్ స్క్లెరోసస్ (తోలు తెల్లబడి, గట్టిపడి బిగుసుకుపోయే చర్మవ్యాధి) ఏమోనని బయాప్సీ చేయించాలా? వదినకు ఏ ఇబ్బందీ లేదు, ఆమెకూ మందు వాడాలా?