జుట్టు నల్లబరచడానికి వేసే ఇండిగో (నీలి ఆకు పొడి) కణతల దగ్గర పట్టడం లేదు, ఆకుపచ్చగా తేలుతోంది. తేడా ఎక్కడ?

తెల్లపాయ:
భుజాల దాకా జుట్టు, సగానికి పైగా నెరిసింది. మొదట గోరింటాకు, తర్వాత ఇండిగో, రెండు దశల్లో వేస్తున్నాను. గోరింటాకు పొడి 100 గ్రాములు, టీ డికాక్షన్, రెండు పెద్ద చెంచాల పెరుగు కలిపి ఇనుప మూకుడులో రాత్రంతా ఉంచి, మర్నాడు తలకు పట్టించి మూడు గంటలు ఆగుతాను. దాన్ని కడిగేశాక ఇండిగో పొడి 100 గ్రాములు, ఉసిరి పొడి రెండు చెంచాలు బాగా వేడి నీళ్లతో కలిపి, గంట నానబెట్టి పట్టిస్తాను. ఇంకో గంటకి షాంపూతో తలస్నానం. వెనకవైపు నల్లగా వస్తోంది కానీ కణతల దగ్గర, పాపిడి వెంట ఆకుపచ్చ ఛాయ. వారం తిరిగేసరికి అక్కడ మళ్లీ నారింజ రంగు బయటపడుతోంది. పొడి మంచిది కాదా, పద్ధతి తప్పా?

ఆకుపసరు:
పొడి సంగతి తర్వాత చూద్దాం. మీరు ఇండిగోను గోరింటాకులా నానబెడుతున్నారండీ, అసలు చిక్కు అదే. ఈ రెండు ఆకులూ రంగిచ్చే తీరు వేరు.

గోరింటాకులో రంగిచ్చే పదార్థం లాసోన్. ఆకులో అది చక్కెరతో ముడిపడి ఉంటుంది. నీళ్లు, కాస్త పులుపు తగిలితే మెల్లగా విడివడుతుంది. అందుకే దానికి గంటలు కావాలి. విడివడ్డ లాసోన్ వెంట్రుకలోని కెరటిన్ అనే మాంసకృత్తిని పట్టుకుని ఇక వదలదు.

ఇండిగో ఆకులో ఉండేది ఇండికాన్. పొడి తడవగానే ఆకులోని ఎంజైమే దాన్ని విడగొట్టి ఇండాక్సిల్‌గా మారుస్తుంది. ఇది రంగు లేని చిన్న అణువు, వెంట్రుక లోపలికి దూరగలదు. గాలి తగిలితే రెండేసి ఇండాక్సిల్ అణువులు జతకట్టి నీలంగా మారతాయి. ఆ నీలం నీళ్లలో కరగదు కాబట్టి లోపల చిక్కుకుపోతుంది. అంటే ఈ జతకట్టడం జుట్టులో జరగాలి, గిన్నెలో కాదు. గంట నానిన ముద్దలో చాలా భాగం నీలం గిన్నెలోనే తయారైపోతుంది. అది వెంట్రుక మీద పూతలా ఉండి కడిగితే పోతుంది. ఇక మరీ వేడి నీళ్లు పోస్తే ఎంజైమే చెడిపోతుంది. ఉసిరి పులుపు కూడా ఇక్కడ అడ్డమే.

ఇలా చేసి చూడండి. ఇండిగో పొడిని గోరువెచ్చని నీళ్లతో, వేలు పెడితే హాయిగా ఉండే వేడి చాలు, పెరుగు చిక్కదనానికి కలపండి. చాలామంది 100 గ్రాములకు అర చెంచా ఉప్పు వేస్తారు, వేయకపోయినా రంగు వస్తుంది. మూతపెట్టి 10 నుంచి 15 నిమిషాలు ఆగండి. పైన నీలపు పొర తేలి, గరిటెతో కదిపితే లోపల ఇంకా ఆకుపచ్చగా ఉండాలి. అదే అదను. అక్కణ్నుంచి అరగంటలోపు తలంతా పట్టించేయాలి. చేయి నెమ్మదైతే 50 గ్రాముల చొప్పున రెండు విడతలుగా కలుపుకోండి. మొదటి విడత మొత్తం కణతలకు, పాపిడికి, నుదుటి అంచుకు వెళ్లాలి. మొండి తెలుపు అక్కడే ఉంటుంది. షవర్ క్యాప్ పెట్టి గంటన్నర నుంచి రెండు గంటలు ఉంచండి. ముద్ద ఎండిపోతే రంగు దిగడం ఆగిపోతుంది. కణతల దగ్గర మొదట ఎండేది పల్చగా రాసిన అంచే, అక్కడ మందంగా పెట్టండి.

కడగడానికి ఉత్త నీళ్లు చాలు. షాంపూ కనీసం 48 గంటలు వద్దు. కడిగిన వెంటనే ఆకుపచ్చగా, నీలంగా కనిపించడం మామూలే, ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంది. మీరు వెంటనే షాంపూ పెడుతున్నారు కాబట్టి అది ముదిరే వీలే దొరకడం లేదు.

రసాయనం:
పై మాటలన్నీ సరైనవే. గోరింటాకు దశ గురించి కొంచెం చెబుతాను, ఎందుకంటే కింద గోరింటాకు పల్చగా పడితే పైన ఇండిగో ఎంత బాగా వేసినా నిలవదు. నెరిసిన జుట్టు మీద నీలం ఒక్కటే పడితే ఆకుపచ్చ, బూడిద ఛాయలే వస్తాయి. నలుపు కావాలంటే దాని కింద చిక్కటి ఎరుపు ఉండాలి.

పెరుగు తీసేయండి. లాసోన్ మాంసకృత్తులకు అంటుకుంటుంది, పెరుగులో ఉన్నదీ అదే. గుడ్డు వేసినా ఇంతే, మీ జుట్టుకు చేరాల్సిన రంగు గిన్నెలోనే ఖర్చవుతుంది. పులుపు కోసం ఒక వంతు నిమ్మరసం, రెండు వంతుల నీళ్లు వాడండి. నిమ్మరసం మాడుకు పడకపోతే ఉసిరి పొడి ఇక్కడ వేసుకోండి, 100 గ్రాములకు 20 గ్రాములు సరిపోతుంది. గది వేడిని బట్టి 8 నుంచి 12 గంటలు నాననివ్వండి, ఎండాకాలంలో నాలుగైదు గంటలే చాలు. పైపొర గోధుమరంగుకు తిరిగాక కొంచెం అరచేతిలో ఐదు నిమిషాలు పెట్టి తుడవండి. నారింజ మరక పడితే సిద్ధమైనట్టే.

ఇనుప మూకుడు తప్పనిసరి కాదు. ఇనుముతో నల్లబడేది ఉసిరి, కరక్కాయ, టీలలో ఉండే టానిన్లు అనే వగరు పదార్థాలు. ఆ నలుపు ఎక్కువగా వెంట్రుక పైపైన ఉండి మెల్లగా దిగిపోతుంది. పైగా జుట్టులో ఇనుము మిగిలితే, తర్వాత ఎప్పుడైనా పెరాక్సైడ్ ఉన్న రంగు వేసినప్పుడు వేడెక్కి వెంట్రుక పాడయ్యే ప్రమాదం ఉంది. గాజు గిన్నె, పింగాణీ గిన్నె మేలు.

రెండు దశలకూ ముందు జుట్టుకు నూనె, కండిషనర్ ఉండకూడదు. ముందురోజు షాంపూ చేసి వదిలేయండి. రెండు దశల మధ్య గోరింటాకు నలుసు లేకుండా కడిగి, తువ్వాలుతో ఒత్తి, తడి మీదే ఇండిగో వేయొచ్చు.

తెల్లపాయ:
చాలా స్పష్టంగా చెప్పారు, ఇద్దరికీ ధన్యవాదాలండీ. ఇండిగో పొడి పాతబడిందో లేదో ఎలా తెలుస్తుంది? మందార, బీట్‌రూట్, గుంటగలగరాకు కూడా కలపమంటారు, ఉపయోగం ఉందా?

ఆకుపసరు:
ఒక చెంచా పొడి తడిపి చూడండి. పావుగంటలో పైన నీలపు పొర రాకపోతే దానితో తలకు పని లేదు. పొడి ఆకుపచ్చగా ఉండాలి. ముదురు నీలంగా ఉంటే అది ఆకుపొడి కాకపోవచ్చు, బట్టలకు వాడే తయారైన నీలిమందు అయివుంటుంది. అందులో ఇండాక్సిల్ దశ దాటిపోయింది, జుట్టు లోపలికి వెళ్లదు.

మందార, బీట్‌రూట్ రంగులు నీళ్లలో కరిగేవి, మొదటి స్నానానికే పోతాయి. గుంటగలగరాకు నూనెల్లో వాడుకోండి, తెల్ల వెంట్రుకకు అంటుకుని నిలిచే రంగు దానిలో లేదు. మిగిలిన గోరింటాకు ముద్దను ఫ్రీజర్‌లో దాచుకోవచ్చు, ఇండిగో ముద్దను దాచలేం.

రసాయనం:
పొడి కొనేవాళ్లందరికీ ఒక హెచ్చరిక. గోరింటాకు ఎంతసేపు ఉంచినా నల్లగా రాదు. ‘నల్ల హెన్నా’ అని అమ్మేది అరగంటలో నల్లబరిస్తే అందులో పారాఫినైలీన్‌డయమీన్ అనే కృత్రిమ రంగు రసాయనం ఉందని అనుమానించాలి. కొందరికి దాంతో తీవ్రమైన అలర్జీ వస్తుంది, ఒకసారి వచ్చాక జీవితాంతం ఉండిపోవచ్చు. ప్యాకెట్ మీద గోరింటాకుకు లాసోనియా ఇనర్మిస్, ఇండిగోకు ఇండిగోఫెరా టింక్టోరియా, ఈ పేర్లు తప్ప ఇంకేమీ ఉండకూడదు. ఆకుపొడి అయినా సరే, మోచేతి మడతలో కొంచెం రాసి 48 గంటలు చూడండి. జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్) లోపం పుట్టుకతో ఉన్నవాళ్లు గోరింటాకు జోలికే పోవద్దు, రక్తకణాలు విరిగిపోయే ప్రమాదం ఉంది. పసిపిల్లల్లో ఇది మరీ ప్రమాదకరం.