పిలిచి తీసుకొచ్చిన కోచ్ వెళ్లిపోయాడు, మా అమ్మాయికి ఇప్పుడు దారేంటి?

టెన్నిస్ నాన్న:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఇక్కడ అమెరికాలో ఒక డివిజన్ 1 (కాలేజీ క్రీడల్లో అన్నిటికన్నా పై స్థాయి) కాలేజీకి టెన్నిస్ ఆడుతుంది, సెకండియర్. హైస్కూల్ చివరి ఏడాదిలో నాలుగు కాలేజీలు పిలిచాయి. దీన్ని ఎంచుకోవడానికి కారణం ఒక్కటే, హెడ్ కోచ్. ఆయన మా ఇంట్లో రెండు గంటలు కూర్చుని, దాని బ్యాక్‌హ్యాండ్ వీడియోలు ఆపి ఆపి చూపిస్తూ, భుజం ఎక్కడ ముందే తిరిగిపోతోందో చెప్పాడు. నాలుగేళ్లూ ఉంటానన్నాడు. తొమ్మిది రోజుల క్రితం టీమ్ గ్రూప్‌లో ఒక మెసేజ్ పెట్టి వేరే యూనివర్సిటీకి వెళ్లిపోయాడు.

కొత్తగా వచ్చినావిడ తనకు తెలిసిన ప్లేయర్లను తెచ్చుకుంటానని మొదటి మీటింగ్‌లోనే చెప్పిందట. మా అమ్మాయి రోజూ ఫోన్ చేసి ప్రాక్టీస్ గురించి షాట్ షాటూ చెప్పేది. ఈ వారం డైనింగ్ హాల్లో ఏం తిందో చెప్పి పెట్టేస్తోంది.

ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితాలో) పేరు పెడితే స్కాలర్‌షిప్ ఆ రోజే పోతుందా? పాత కోచ్ దగ్గరికే వెళ్లొచ్చా? కోచ్ రాత్రికి రాత్రే వెళ్లిపోవచ్చు, పంతొమ్మిదేళ్ల పిల్ల మాత్రం రోజులు లెక్కపెట్టుకోవాలి. నాకిది మింగుడు పడటం లేదు.

కంప్లయన్స్‌లో ఆరేళ్లు:
అన్నయ్యగారూ, నేను ఒక యూనివర్సిటీ అథ్లెటిక్స్ కంప్లయన్స్ ఆఫీసులో, అంటే క్రీడల రూల్స్ చూసే ఆఫీసులో పనిచేశాను. ముందు తేదీ చూసుకోండి. హెడ్ కోచ్ మారితే, పోర్టల్‌లో పేరు పెట్టుకునే మామూలు గడువు (విండో) మూసేసి ఉన్నా ఆ టీమ్ పిల్లలకు 30 రోజులు ఇస్తారు. ఆయన వెళ్తున్నట్టు ప్రకటించిన మర్నాటి నుంచి లెక్క. అంటే మీకు ఇంకా మూడు వారాలుంది. అమెరికన్ ఫుట్‌బాల్‌కి 2025లో దీన్ని 15 రోజులకు తగ్గించారు, ఆ వార్తలు చూసి టెన్షన్ పడకండి. అసిస్టెంట్ కోచ్ వెళ్లిపోతే మాత్రం ఈ విండో తెరుచుకోదు. పిల్లల వెంటపడి, మాట్లాడి తీసుకొచ్చేది చాలాసార్లు అసిస్టెంట్లే. మా ఆఫీసుకొచ్చి ఏడ్చినవాళ్లలో అలాంటి పిల్లలే ఎక్కువ. ఈ రూల్ మారాలని ఇప్పటికీ నా కోరిక.

స్కాలర్‌షిప్ సంగతి. పేరు పెట్టమని అమ్మాయి రాతపూర్వకంగా అడిగితే కాలేజీ రెండు పనిదినాల్లో పెట్టాలి, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈ సెమిస్టర్ డబ్బుకి ఢోకా లేదు. కానీ అడిగిన తర్వాత, సెమిస్టర్ అయిపోగానే స్కాలర్‌షిప్ ఆపేసే హక్కు కాలేజీకి వస్తుంది. మనసు మార్చుకుని పేరు వెనక్కి తీసుకున్నా మళ్లీ ఇచ్చి తీరాలని లేదు. అదే పేరు పెట్టకుండా ఉంటే, ఆట బాగాలేదన్న కారణంతో స్కాలర్‌షిప్ తగ్గించడానికి వీల్లేదు. 2024 ఆగస్టు నుంచి డివిజన్ 1 అంతటా ఇదే రూల్. కొత్త కోచ్ మ్యాచ్‌లు ఆడించకపోవచ్చు, టీమ్‌లో చోటే ఇవ్వకపోవచ్చు. ఆ కారణంతో డబ్బు మాత్రం ఆపకూడదు.

ఇంకొకటి. పోర్టల్‌లో పేరు రాకముందు పాత కోచ్ ఈ విషయం అమ్మాయితో మాట్లాడకూడదు. మీతో మాట్లాడినా తప్పే.

ఒకప్పటి స్విమ్మర్:
అంకుల్, నేను 2013లో నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ (ఫలానా కాలేజీలోనే చేరతానని రాసిచ్చే ఒప్పందం) మీద సంతకం పెట్టా. సంతకం కాలేజీతోనే కానీ కోచ్‌తో కాదని అందులోనే రాసి ఉండేది. నేను క్యాంపస్‌కి వెళ్లకముందే మా కోచ్ మానేశాడు. ఆ ఒప్పందం నుంచి రిలీజ్ అడిగితే కాలేజీ ఇవ్వలేదు. అది లేకుండా వెళ్తే ఒక ఏడాది పోటీల్లో దిగకూడదు. ఉండిపోయా. 2015లో రోక్వాన్ స్మిత్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ ప్లేయర్ యూసీఎల్‌ఏ యూనివర్సిటీకి వెళ్తానని ప్రకటించి, అక్కడి కోచ్ జెఫ్ ఉల్‌బ్రిక్ ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్తున్నాడని తెలిసి ఆ లెటర్ పంపకుండా ఆగాడు. తర్వాత లెటర్ సంతకం చేయకుండానే జార్జియా యూనివర్సిటీలో చేరాడు. ఆ వార్త చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. రెండేళ్ల ముందు నాకు ఆ ఆలోచనే రాలేదు.

2024 అక్టోబర్‌లో ఆ లెటర్‌నే ఎత్తేశారు. అదే ఏడాది ఏప్రిల్ నుంచి, చదువు సరిగా ఉంటే ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడొచ్చు. కాబట్టి పాత కోచ్ దగ్గరికి వెళ్లొచ్చు. కానీ ఆయన దగ్గర స్కాలర్‌షిప్ మిగిలి ఉందా, ఆయన ఇంకా అడుగుతున్నాడా అనేది పేరు పెట్టాకే తెలుస్తుంది. చెల్లి భయం నాకు అర్థమవుతుంది.

ఇద్దరు పిల్లల అమ్మ:
క్రెడిట్ల గురించి ఎవరూ చెప్పలేదు. మూడో ఏడాది ఆడాలంటే డిగ్రీలో 40 శాతం పూర్తయి ఉండాలి, అదీ కొత్త కాలేజీ డిగ్రీ లెక్కలో. మా అబ్బాయికి మూడు కోర్సులు అక్కడ పనికిరాలేదు, వేసవంతా క్లాసులు చేశాడు. ముందు ఆ లెక్క వేయించండి.

టెన్నిస్ నాన్న:
అందరికీ ధన్యవాదాలు. అమ్మాయికి ఇదంతా చదివి వినిపించాను. శుక్రవారం కంప్లయన్స్ ఆఫీసులో అపాయింట్‌మెంట్ తీసుకుంది, నన్ను రావద్దంది. కోర్సుల జాబితా రాసుకుంటోంది. పాత కోచ్‌కి పంపుదామని నేను రెండు రోజులుగా ఫోన్‌లో టైప్ చేసి పెట్టుకున్న మెసేజ్ తీసేశాను.